ఉప్పు సగం చేశాం, నాన్న బీపీ మాత్రం 150 దిగడం లేదు

బురుజు దగ్గరిల్లు · ఏప్రిల్ 2, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది కర్నూలు వన్ టౌన్. మా నాన్నకు 61 ఏళ్లు, బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. నాలుగు నెలల కిందట బీపీ బయటపడింది. డాక్టరు గారు టెల్మిసార్టన్ 40 రాశారు. పొద్దున్నే తప్పకుండా వేసుకుంటున్నాడు. కూరల్లో ఉప్పు సగం చేశాం, ఇంటిల్లిపాదీ అదే తింటున్నాం. అయినా మిషన్‌లో 158/96, 154/94, ఒక్కోసారి 162. ఒక్కరోజు కూడా 150 కిందకి రాలేదు. "చప్పిడి కూడు పెట్టి ఆయన్ని కష్టపెడుతున్నా, ఫలితం మాత్రం లేదు" అని అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంటోంది.

అనంతపురంలో ఉండే మా అక్క మాట వేరే. ఉప్పుది తప్పేం లేదు, చక్కెరే ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్, అంటే లోపలి వాపు, పెంచి బీపీ తెస్తుంది, ముందు అది మానిపించండి అంటుంది. నాన్నకు షుగర్ జబ్బు లేదు. పరగడుపున 104 వచ్చింది.

ఆయన రోజు తిండి ఇది. పొద్దున ఉగ్గాని బజ్జి, లేకుంటే దోసె. మధ్యాహ్నం అన్నం, పప్పు, ఊరగాయ, అప్పడం, మజ్జిగ. సాయంత్రం బొరుగులు, మిక్చర్. రాత్రి జొన్నరొట్టె, చెనిక్కాయల కారం పొడి. టీ ఐదుసార్లు. ఎందుకు దిగడం లేదో తెలిసినవాళ్లు చెప్పండి. చాలా టెన్షన్‌గా ఉంది.

స్టాఫ్‌నర్స్ కడప · ఏప్రిల్ 2, రాత్రి 10:25

తమ్ముడూ, నేను కడప జిల్లాలో ఒక పీహెచ్‌సీలో పనిచేస్తాను. ముందు బీపీ ఎలా చూస్తున్నారో చెప్పండి. టీ తాగిన వెంటనే, మెట్లెక్కి వచ్చి, మాట్లాడుతూ చూసుకుంటే ఎవరికైనా ఎక్కువే వస్తుంది. అర్ధగంట ముందు నుంచి టీ, బీడీ వద్దు. ఒంటికి పోయి వచ్చి, కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనేలా పెట్టి ఐదు నిమిషాలు ఊరకే కూర్చోవాలి. పట్టీ చొక్కా మీద కాదు, చర్మం మీదే కట్టాలి. చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద పెట్టాలి. లావు చేతికి చిన్న పట్టీ కడితే తప్పుగా ఎక్కువ చూపిస్తుంది. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రాసుకోండి. ఆసుపత్రిలో 140/90 హద్దు. ఇంట్లో చూసుకున్నప్పుడు సగటు 135/85 దాటితే ఎక్కువ కిందే లెక్క.

ఇంకో రెండు సంగతులు చెప్పండి. మీ ఇంట్లో కిలో ఉప్పు ప్యాకెట్ ఎన్ని రోజులొస్తుంది, ఎంతమంది తింటారు? బీపీ మాత్ర కాక నాన్న ఇంకేమైనా వేసుకుంటున్నాడా? మోకాళ్ల నొప్పులకు, గ్యాసుకు, జలుబుకు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్నవి కూడా చెప్పాలి. వాటిని మందుల లెక్కలో వేయక చాలామంది చెప్పరు.

ఆదోని అబ్బాయి · ఏప్రిల్ 3, ఉదయం 6:50

మా జేజినాయన సంగటిలోకి ఊరగాయ నంజుకునే 88 ఏళ్లు బతికాడు. ఆయనకు బీపీ అనే మాటే తెలియదు. ఉప్పు మీద ఇంత భయం అవసరమా అన్నా?

చింతచెట్టు అక్క · ఏప్రిల్ 3, ఉదయం 8:15

నాయనా, మీ జేజినాయన పొద్దుమూకులు మడక వెనక నడిచి ఉంటాడు. చెమటలో ఎంత ఉప్పు పోయేదో! టీలో చక్కెర, బేకరీ బిస్కెట్లు, ప్యాకెట్ మిక్చర్ ఆయనకు లేవు. రాగులు, జొన్నలు, అలసందలు, ఆకుకూరలు తిన్నాడు. ఊరగాయ ఒక్కటే మనకు మిగిలింది, తక్కినవన్నీ మారిపోయినాయి. పైగా ఆయనకు బీపీ లేదని ఎవరూ పట్టీ కట్టి చూడలేదు కదా.

బురుజు తమ్ముడికి నేను చెప్పేది ఊరగాయ గురించి. మాది ప్రొద్దుటూరు, ఏటా నా చేత్తోనే పెడతాను. పోయినేడు నా కొలత ఇది: మామిడి ముక్కలు 5 కిలోలు, ఉప్పు ముక్కాలు కిలో, కారం ముక్కాలు కిలో, ఆవపిండి ముక్కాలు కిలో, నూనె కిలో. మొత్తం 8 కిలోల పావు. అంటే నూటికి 9 పాళ్లు ఉప్పే. నా గరిటెడు ఊరగాయ కాటాలో పెడితే 20 గ్రాములు తూగింది. అందులో ఉప్పు 1.8 గ్రాములు. పప్పన్నంలోకి ఒకటి, పెరుగన్నంలోకి ఒకటి, రాత్రి రొట్టెలోకి ఒకటి వేసుకుంటే 5.4 గ్రాములు. ఒక మనిషి రోజంతా తినాల్సిన ఉప్పే 5 గ్రాముల లోపు అంటున్నారు. అది ఊరగాయతోనే దాటిపోయింది. కూరలో ఎంత తగ్గిస్తే మాత్రం ఏం లాభం?

నేను ఈ లెక్క వేసుకున్న రోజు చాలాసేపు అలాగే కూర్చున్నాను. మా ఆయనకు ముప్పై ఏళ్లుగా నేనే వడ్డిస్తున్నాను.

ఇంకోటి. కూరలో ఉప్పు తగ్గిస్తే మనిషి నాలుక ఊరుకోదు. రెండో గరిటె ఊరగాయ, ఇంకో అప్పడం అడుగుతుంది. మీ ఇంట్లో కూడా అదే జరుగుతోందేమో అమ్మను కనుక్కోండి.

బురుజు దగ్గరిల్లు · ఏప్రిల్ 3, రాత్రి 9:05

అక్కా, మీరు చెప్పింది నిజం. అమ్మను అడిగాను. ఉప్పు తగ్గించినప్పటి నుంచి ఊరగాయ జాడీ తొందరగా ఖాళీ అవుతోందట. చెనిక్కాయల పొడి కూడా.

నర్సక్కా, కిలో ప్యాకెట్ 23 రోజులొచ్చింది. నలుగురం. మందుల సంగతి అడిగితే నాన్న ముందు ఏమీ లేవన్నాడు. తర్వాత బీరువా మీద డబ్బా దించి చూపించాడు. మోకాళ్లకు డైక్లోఫెనాక్ మాత్రలు. రెండు నెలలుగా రోజూ ఒకటి, నొప్పి ఎక్కువైతే రెండు. రాత్రిపూట కడుపు ఉబ్బరానికి నీళ్లలో వేస్తే పొంగే గ్యాస్ పొడి. వారానికి నాలుగైదు సాచెట్లు. ఇవేవీ డాక్టరుకు చెప్పలేదు.

స్టాఫ్‌నర్స్ కడప · ఏప్రిల్ 3, రాత్రి 9:50

తమ్ముడూ, నేను అనుమానించింది ఇదే. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు వాపు తగ్గిస్తాయి. కానీ కిడ్నీలో కూడా పనిచేసి ఉప్పును, నీళ్లను ఒంట్లోనే ఆపేస్తాయి. బీపీ పెంచుతాయి, టెల్మిసార్టన్ లాంటి మాత్రల పనికి అడ్డుపడతాయి. రెండూ కలిపి రోజుల తరబడి వాడితే కిడ్నీలకు దెబ్బ. రేపే డాక్టరుకు ఆ డబ్బా చూపించండి. బీపీ మాత్ర మాత్రం ఆపవద్దు. కిడ్నీ పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష, పొటాషియం పరీక్ష రాయమని అడగండి.

గ్యాస్ పొడి అంటే సోడా ఉప్పు. ఉప్పులో బీపీ పెంచే సోడియమే ఇందులోనూ ఉంటుంది, 5 గ్రాముల సాచెట్‌లో సుమారు 850 మిల్లీగ్రాములు. మామూలు ఉప్పు రెండు గ్రాములతో సమానం. నాలుకకు ఉప్పగా ఉండదు కాబట్టి ఎవరూ లెక్కలోకి తీసుకోరు. అప్పడాల పిండిలో, బజ్జీల పిండిలో, బిస్కెట్లలో, బన్నుల్లో కలిపేది కూడా సోడానే.

మీ ప్యాకెట్ లెక్క: వెయ్యి గ్రాములను నలుగురికి, 23 రోజులకు పంచితే మనిషికి రోజుకు దాదాపు 11 గ్రాములు. అన్నం వార్చిన గంజిలో, పారబోసిన కూరలో కొంత పోయినా 8, 9 కన్నా తక్కువ ఉండదు. దానికి పాత ఊరగాయలో ఉన్నది, బయటి మిక్చర్‌లోది అదనం. సగం చేశామనుకున్నారు గానీ ప్యాకెట్ ఆ మాట చెప్పడం లేదు.

జువాలజీ మాస్టారు · ఏప్రిల్ 4, సాయంత్రం 5:30

అనంతపురంలో డిగ్రీ కాలేజీలో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పాను. అక్కాతమ్ముళ్ల వాదన చదివాక రాయాలనిపించింది. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ఉప్పు ఎక్కువైతే రక్తం దాన్ని పల్చన చేసుకోవాలని చూస్తుంది. దాహం వేస్తుంది. కిడ్నీలు నీళ్లు నిలుపుకుంటాయి. నాళాల్లో ద్రవం పెరిగి ఒత్తిడి పెరుగుతుంది. ఇంతవరకు అందరికీ తెలుసు. దీనికన్నా పెద్ద సంగతి నాళాల గోడల్లో ఉంది. రక్తనాళం లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును కొద్దికొద్దిగా తయారు చేస్తుంటుంది. దాని వల్లే నాళం సడలుతుంది. ఉప్పు ఎక్కువైన కొద్దీ ఆ వాయువు అందక నాళం బిగుసుకుంటుంది. ఏళ్ల తరబడి ఇలా జరిగితే గోడ గట్టిపడిపోతుంది. వయసు మీరినవాళ్లలో, కిడ్నీ బలహీనంగా ఉన్నవాళ్లలో, షుగర్ ఉన్నవాళ్లలో ఉప్పుకు బీపీ ఎక్కువగా స్పందిస్తుంది. పాతికేళ్ల కుర్రాడు అంతే తిన్నా మిషన్‌లో తేడా కనిపించకపోవచ్చు.

ఉప్పు తగ్గిస్తే నిజంగా దిగుతుందా అంటే, అమెరికాలో 412 మంది మీద చేసిన డ్యాష్-సోడియం పరిశోధన 2001లో వచ్చింది. తిండి అంతా వాళ్లే వండి పెట్టారు. ఒక వర్గానికి అక్కడి మామూలు తిండి, ఇంకో వర్గానికి కూరగాయలు, పండ్లు, తక్కువ కొవ్వున్న పాలు, పెరుగు ఎక్కువగా ఉన్న తిండి. దీన్నే డ్యాష్ తిండి అంటారు. ఒక్కొక్కరికీ మూడు మోతాదుల ఉప్పు, నెల చొప్పున. మామూలు తిండి, ఎక్కువ ఉప్పు తిన్నప్పటితో పోలిస్తే, డ్యాష్ తిండి, తక్కువ ఉప్పు తిన్నప్పుడు బీపీ ఉన్నవాళ్లలో పై అంకె 11.5 పాయింట్లు తక్కువగా ఉంది. ఇది ఒక మాత్ర చేసేంత పని. ఆ ఎక్కువ ఉప్పు ఎంతో తెలుసా? రోజుకు 8 గ్రాముల పైచిలుకు. మన ఇళ్లలో అది మామూలు రోజు.

ఇప్పుడు అమ్మాయి చెప్పిన చక్కెర సంగతి. ఆమె మాటలో పస ఉంది. చక్కెర తిన్నప్పుడు ఇన్సులిన్ పెరుగుతుంది. ఆ ఇన్సులిన్ కిడ్నీకి "సోడియంను బయటికి పంపొద్దు" అని చెప్తుంది. అంటే చక్కెర ఎక్కువ తినేవాడి ఒంట్లో ఉప్పు తొందరగా బయటికి పోదు. చక్కెరలో సగం ఫ్రక్టోజ్. అది కాలేయానికి చేరి అక్కడ కొవ్వుగా మారుతుంది. మారే దారిలో యూరిక్ యాసిడ్ పుడుతుంది. యూరిక్ యాసిడ్ పెరిగితే ఇందాక చెప్పిన నైట్రిక్ ఆక్సైడ్ తగ్గుతుంది. ఉప్పు ఎక్కడ దెబ్బ తీస్తుందో చక్కెర కూడా వేరే దారిలో అక్కడికే వస్తోంది. కాబట్టి మీ ఇద్దరిలో ఒకరు ఓడాల్సిన పని లేదు.

ఇన్‌ఫ్లమేషన్ అనే మాట ఈ మధ్య అందరి నోటా వింటున్నాం. ముల్లు గుచ్చుకుంటే వేలు వాచి ఎర్రబడుతుంది, అది అవసరమైన వాపు, నాలుగు రోజుల్లో తగ్గుతుంది. మనం మాట్లాడేది లోలోపల ఏళ్ల తరబడి సన్నగా రగిలేది. నడుం చుట్టూ, కాలేయంలో పేరుకున్న కొవ్వు దానికి పెద్ద మూలం. తీపి పానీయాలు ఆ కొవ్వును పెంచుతాయి. ఉప్పుకు కూడా ఇందులో పాత్ర ఉందని 2013లో నేచర్ పత్రికలో రెండు పరిశోధనలు వచ్చాయి. ఉప్పు ఎక్కువైతే వాపు పుట్టించే టీహెచ్-17 అనే రక్షణ కణాలు ఎక్కువగా తయారవుతున్నాయని వాటి సారం. 2017లో ఎలుకల పేగుల్లోని లాక్టోబాసిల్లస్ సూక్ష్మజీవులు ఉప్పుతో తగ్గాయని చూపించారు. కొద్దిమంది ఆరోగ్యవంతులైన మగవాళ్లకు రెండు వారాలు రోజుకు 6 గ్రాముల ఉప్పు అదనంగా ఇస్తే వాళ్లలోనూ ఆ కణాలు, బీపీ పెరిగాయి. ఇదంతా ఆసక్తికరమే. కానీ ఎలుకల మీద, గుప్పెడు మంది మీద చూసినది. ఉప్పుకూ బీపీకీ ఉన్న సంబంధమంత గట్టి రుజువు ఇంకా కాదు. పెరుగు తింటే ఉప్పు చెడు విరిగిపోతుందని దీని నుంచి అర్థం తీయకూడదు.

అక్క అనంతపురం · ఏప్రిల్ 4, రాత్రి 10:10

నేనే ఆ అక్కను. తమ్ముడు లింకు పంపితే చదివాను. మాస్టారు గారికి నమస్కారం.

నేను వీడియోలు చూసి మాత్రమే అనలేదు సార్. పోయిన సంవత్సరం నాకు కాలేయంలో కొవ్వు ఉందన్నారు. మధ్యాహ్నం కూల్‌డ్రింక్, సాయంత్రం నన్నారి షర్బత్, టీలో రెండు స్పూన్లు మానేశాను. ఆరు నెలల్లో ఐదు కిలోలు తగ్గాను, రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వు సగానికి వచ్చింది, బీపీ కూడా 132 నుంచి 120కి దిగింది. ఉప్పు చిటికెడు కూడా తగ్గించలేదు. అందుకే నాన్న విషయంలోనూ అంత గట్టిగా చెప్పాను. ఉప్పు మరీ తగ్గిస్తే గుండెకు ప్రమాదమని కూడా చదివాను. ప్యూర్ అని ఏదో పెద్ద అధ్యయనం. అది తప్పా?

జువాలజీ మాస్టారు · ఏప్రిల్ 5, ఉదయం 7:20

అమ్మా, మీరు చేసుకున్నది చాలా మంచి పని. ఐదు కిలోల బరువు తగ్గితేనే బీపీ దిగుతుంది. అందులో చక్కెర వాటా ఎంత, బరువు వాటా ఎంత అని విడదీయడం కష్టం. అమెరికాలో 810 మందిని 18 నెలలు గమనించిన ఒక అధ్యయనం 2010లో వచ్చింది. రోజుకు ఒక తీపి డ్రింకు తగ్గించుకున్నవాళ్లలో పై అంకె 1.8 పాయింట్లు తగ్గింది. కూల్‌డ్రింకుల్లో సాధారణంగా 100 మిల్లీలీటర్లకు 10, 11 గ్రాముల చక్కెర ఉంటుంది. 300 మిల్లీలీటర్ల సీసా తాగితే 30 గ్రాములు దాటినట్టే. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం రోజంతటికీ 20, 25 గ్రాములకు మించకూడదు.

ప్యూర్ అధ్యయనం 2014లో వచ్చిన మాట నిజం. మరీ తక్కువ ఉప్పు తినేవాళ్లలోనూ మరణాలు ఎక్కువ కనిపించాయని అన్నారు. దాని మీద గట్టి అభ్యంతరం ఏంటంటే, ఒక్కసారి తీసిన మూత్రంతో రోజంతటి ఉప్పును అంచనా వేశారు. పైగా జబ్బుపడ్డవాళ్లు తిండే తక్కువ తింటారు, దాంతో ఉప్పూ తగ్గుతుంది. అయితే ఆ వివాదమంతా కింది హద్దు ఎక్కడ పెట్టాలన్న దాని మీదే. రోజుకు 12, 13 గ్రాములు తినే మనిషి తగ్గించుకోవాలా వద్దా అంటే తగ్గించుకోవాలనే రెండు పక్షాలూ చెప్తాయి. మీ నాన్న ఉన్నది ఆ చోట.

అక్క అనంతపురం · ఏప్రిల్ 5, ఉదయం 9:00

అర్థమైంది సార్. తమ్ముడూ, అమ్మను నేను కూడా నొప్పించాను. ఫోన్ చేసి మాట్లాడతాను.

చీనీతోట · ఏప్రిల్ 6, మధ్యాహ్నం 2:15

మాది కళ్యాణదుర్గం పక్కన పల్లె. 45 ఏళ్లు. బీపీ లేదు. ఎండలో చీనీ చెట్లకు పాదులు తీస్తున్నాం. చొక్కా మీద తెల్లగా ఉప్పు చారలు కడుతుంది. నేను కూడా ఉప్పు తగ్గించాలా? మజ్జిగలో ఉప్పేసుకుని తాగితే గానీ సాయంత్రానికి కాళ్లు పట్టేస్తాయి.

స్టాఫ్‌నర్స్ కడప · ఏప్రిల్ 6, రాత్రి 8:40

అన్నా, ఎండలో ఒళ్లు వంచి పనిచేసే రోజుల్లో ఉప్పేసిన మజ్జిగ మానొద్దు. ఎండకు అలవాటుపడే కొద్దీ, ఒకటి రెండు వారాల్లో, ఒళ్లే చెమటలో ఉప్పును తగ్గించి పంపుతుంది. పని లేని రోజు, వానాకాలం మాత్రం అంత ఉప్పు అక్కర్లేదు. నీడలో కూర్చునే ఉద్యోగులు మీ లెక్క చూసి వేసుకోకూడదు.

ఇక్కడ అందరికీ ఒక మాట చెప్పాలి. పోయిన ఎండాకాలం మా ఊళ్లో డెబ్బై ఏళ్ల ఒక అవ్వను ఆటోలో తెచ్చారు. మనవరాలిని గుర్తుపట్టడం లేదు, మాట తడబడుతోంది. పక్షవాతం అనుకున్నారు. పెద్దాసుపత్రికి పంపితే రక్తంలో సోడియం 118 వచ్చింది. ఉండాల్సింది 135 నుంచి 145. ఆమె బీపీకి క్లోర్‌థాలిడోన్, మూత్రం ఎక్కువగా పోయించేది, మనం నీళ్ల మాత్ర అంటామే, అది వాడుతోంది. ఉప్పు విషమని ఎవరో చెబితే రెండు వారాలుగా ఉప్పు చిటికెడు ముట్టలేదు. ఎండలని చెంబులు చెంబులు నీళ్లు తాగింది. అదృష్టం, కోలుకుంది. ఇంటికి పోయి చూస్తే వంటింట్లో ఉప్పు డబ్బా కూడా లేదు. కోడలు భయంతో ఇరుగింటికి ఇచ్చేసింది.

తగ్గించమంటే పూర్తిగా మానేయమని కాదు. నీళ్ల మాత్ర వాడే పెద్దవాళ్లకు మగతగా, తికమకగా ఉంటే వెంటనే సోడియం పరీక్ష చేయించండి.

ఆదోని అబ్బాయి · ఏప్రిల్ 7, ఉదయం 7:05

మరి మామూలు ఉప్పు మానేసి సైంధవ లవణం, చక్కెర మానేసి బెల్లం వాడితే సరిపోదా? మా ఇంట్లో అమ్మ అలాగే మార్చింది. ఇప్పుడు షాపుల్లో తక్కువ సోడియం ఉప్పు కూడా దొరుకుతోంది.

జువాలజీ మాస్టారు · ఏప్రిల్ 7, సాయంత్రం 6:00

సైంధవ లవణం కూడా దాదాపు అంతా సోడియం క్లోరైడే. రంగు ఇచ్చే ఖనిజాలు లేశమాత్రం. బీపీకి తేడా ఏమీ రాదు. అయోడిన్ కలపని రకమైతే థైరాయిడ్‌కు నష్టం కూడా. బెల్లంలో ఎక్కువ భాగం చక్కెరే. కొంచెం ఇనుము, పొటాషియం ఉంటాయి, అంతమాత్రానికి గుప్పెడు తినలేం. ఓళిగలో బెల్లమున్నా కాలేయానికి చేరేది ఆ ఫ్రక్టోజే.

తక్కువ సోడియం ఉప్పు వేరే విషయం. అందులో కొంత భాగం పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. చైనాలో 600 పల్లెల్లో దాదాపు 21 వేల మందిని ఐదేళ్ల పాటు చూశారు. ఫలితం 2021లో వచ్చింది. పావు వంతు పొటాషియం ఉన్న ఉప్పు వాడిన పల్లెల్లో పక్షవాతం 14 శాతం తగ్గింది. వాళ్లంతా ఇదివరకే పక్షవాతం వచ్చినవాళ్లు, లేదా అరవై దాటి బీపీ ఉన్నవాళ్లు.

స్టాఫ్‌నర్స్ కడప · ఏప్రిల్ 7, రాత్రి 9:15

మాస్టారు గారి మాటకు ఒకటి కలుపుతాను. బురుజు తమ్ముడూ, మీరు పరీక్షలు చేయించకుండా ఆ ఉప్పు తేవద్దు. టెల్మిసార్టన్ వాడేవాళ్ల ఒంట్లో పొటాషియం ఇప్పటికే కొంత నిలుస్తుంది. కిడ్నీ కూడా బలహీనమైతే పొటాషియం పెరిగి గుండె లయ తప్పుతుంది. డాక్టరు సరేనంటేనే.

ల్యాబ్ తమ్ముడు · ఏప్రిల్ 8, ఉదయం 11:30

కర్నూలులో ల్యాబ్‌లో చేస్తాను. ఇది చదివి ఇన్‌ఫ్లమేషన్ పరీక్షకు పరిగెత్తేవాళ్ల కోసం. హెచ్‌ఎస్-సీఆర్‌పీ అనే ఆ రక్తపరీక్షలో అంకె 1 లోపు ఉంటే తక్కువ, 1 నుంచి 3 మధ్యస్థం, 3 దాటితే గుండెకు ముప్పు ఎక్కువని లెక్క. కానీ జలుబు, పంటి చీము, మోకాలి వాపు ఉన్నప్పుడు చేయిస్తే అంకె పెరిగే వస్తుంది. అది ఉప్పు వల్లో చక్కెర వల్లో ఆ పరీక్ష చెప్పలేదు. ఆ డబ్బుతో మంచి బీపీ మిషన్, చేతికి సరిపడే పట్టీ కొనుక్కోవడం మేలని నా అభిప్రాయం.

బురుజు దగ్గరిల్లు · మే 18, రాత్రి 8:30

ఇన్ని రోజులు రాయనందుకు క్షమించండి. అంకెలు వచ్చాకే రాద్దామనుకున్నాను.

డాక్టరు గారు డబ్బా చూసి డైక్లోఫెనాక్, గ్యాస్ పొడి రెండూ ఆపేశారు. నొప్పికి పారాసెటమాల్, మోకాళ్లకు వ్యాయామాలు చెప్పారు. టెల్మిసార్టన్ 40నే ఉంచారు. క్రియాటినిన్ 1.1, పొటాషియం 4.6. తక్కువ సోడియం ఉప్పు ఇప్పుడే వద్దన్నారు.

ఇంట్లో నెల మొదటి రోజున ఉప్పును చిన్న డబ్బాలోకి తూచి పోశాం. నలుగురికి నెలకు 600 గ్రాములు. అమ్మ ఒప్పుకోదనుకున్నాను. అక్క ఫోన్‌లో ఏం చెప్పిందో గానీ, అమ్మే తూకం పట్టుకుని కూర్చుంది. కూరలో ఉప్పు పూర్తిగా తగ్గించకుండా, మజ్జిగలో, అన్నం ఎసట్లో, రొట్టె పిండిలో మానేసింది. పులుసులో చింతపండు, కూరల్లో నిమ్మరసం, తెల్లగడ్డలు, కొత్తిమీర పెంచింది. చెనిక్కాయల పొడి ఉప్పు లేకుండా కొడుతోంది. దాని రుచికి నాన్న పది రోజుల్లోనే అలవాటుపడ్డాడు. ఊరగాయ మధ్యాహ్నం ఒక్క గరిటె, అప్పడం ఆదివారం మాత్రమే. వారానికి నాలుగు రోజులు చిర్రాకు, గోగాకు, అలసందలు. టీ మూడుసార్లు, అర స్పూను చక్కెర. టీ విషయంలో మాత్రం నాన్న చాలా కష్టపడ్డాడు. రెండు మూడు రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు.

వారం సగటులు ఇవి. ఏప్రిల్ మొదటి వారం 157/95. మూడో వారం 146/91. మే రెండో వారం 137/86. బరువు రెండు కిలోలు తగ్గింది. పొద్దున లేస్తే పాదాల ఉబ్బు లేదు.

జువాలజీ మాస్టారు · మే 18, రాత్రి 9:20

చాలా సంతోషం నాయనా. నొప్పి మాత్ర ఆపారు, ఉప్పు తగ్గించారు, చక్కెర తగ్గించారు, బీపీ చూసే పద్ధతి కూడా మారింది. ఏది ఎంత పని చేసిందో ఈ అంకెలు చెప్పవు. ఎవరైనా "ఉప్పు తగ్గిస్తే 20 పాయింట్లు దిగింది" అని దీన్ని పట్టుకుని చెబితే ఒప్పుకోకండి. 135 కిందకి వచ్చేదాకా డాక్టరును కలుస్తూనే ఉండండి.

బురుజు దగ్గరిల్లు · మే 18, రాత్రి 9:45

అలాగే సార్. చింతచెట్టు అక్కా, అమ్మ మిమ్మల్ని ఒకటి అడగమంది. ఊరగాయ కాలం వచ్చింది. జాడీలో ఉప్పే సగం వేసి పెట్టవచ్చా?

చింతచెట్టు అక్క · మే 18, రాత్రి 10:20

వద్దమ్మా. ఉప్పు తగ్గితే నెల తిరక్కుండానే బూజు పడుతుంది. ఏడాది నిలవుండే జాడీకి కొలత తగ్గించకూడదు, కాయలే తగ్గించాలి. ఐదు కిలోల బదులు ఒకటిన్నర కిలో పెట్టుకోండి. మిగతా కాయలతో వారానికి సరిపడా చిన్న ముక్కలు తరిగి, కారం, మెంతిపిండి, కొంచెమే ఉప్పు కలిపి, తాలింపు పెట్టి ఫ్రిజ్‌లో ఉంచుకోండి. అది వారంలోపు తినేయాలి. వడ్డించడానికి జాడీలో పెద్ద గరిటె వేయొద్దు, టీస్పూను వేయండి. మా ఇంట్లో అదొక్కటే నిజంగా పనిచేసింది.

బురుజు దగ్గరిల్లు · మే 19, ఉదయం 7:30

అమ్మ చదివింది. పొద్దున్నే మార్కెట్‌కు పోయి ఒకటిన్నర కిలో కాయలే తెచ్చింది. ముక్కలు కొట్టే ఆయన "ఏమ్మా, ఈసారి ఇన్నేనా" అన్నాడట.